నేనూ, ఆ బావంచాల సీసా

నేను ఒక నల్లగొడుగును. మడిచి చేతిసంచిలో పడేసుకునే రకాన్ని కాదు. వంపు తిరిగిన వెదురు పిడి, పొడవాటి ఇనుప కాడ, చివర ఇత్తడి మొన ఉన్న పాతరకం గొడుగును. నాకో దుర్గుణం ఉంది. నన్ను పట్టుకున్న మనిషి ఇంకో వస్తువును నాకంటే ప్రేమగా చూసుకుంటే ఓర్వలేను. దాన్ని మీరు అసూయ అంటారు. అనండి, నేనేమీ కాదనను.

రాజమండ్రిలో ఓ ఇరుకు సందులో ఖాదర్ మస్తాన్ అనే ముసలాయన నన్ను తయారుచేశాడు. గోడకు చేరగిలబడి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిపోతుంటే, గుడ్డ ముక్కలు కలిపి కుట్టి పుల్లల చివర్లకు దారంతో బిగించేవాడు. నా పక్కనే గులాబీ పువ్వుల ఆడవాళ్ళ గొడుగులు వేలాడేవి. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళూ ముందు వాటినే విప్పి, తిప్పి, మురిసిపోయేవారు. నన్ను మాత్రం "ఇది గాలికి ఆగుద్దా?" అని అడిగి వదిలేసేవారు. నాకు ఈ గుణం అక్కడే పట్టుకుని ఉంటుంది.

చివరికి సోమయాజులు గారనే లెక్కల మాస్టారు నన్ను కొన్నారు. ఏళ్ళ తరబడి మోశారు గానీ విప్పింది తక్కువ. నాతో కుక్కల్ని అదిలించేవారు, బస్సులు ఆపేవారు, వెనక బెంచీ వాళ్ళను లేపేవారు. వాన మొదలైతే నేనెక్కడ తడిసిపోతానోనని చంకలో దాచుకుని, తాను తడుస్తూ ఇంటికి నడిచేవారు. మనుషుల ప్రేమ ఒక్కోసారి అలాగే ఉంటుంది. అటువంటాయన కడియం దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళి, భోజనాలయ్యాక గోడవార నిలబెట్టిన గొడుగుల్లోంచి వేరొకరి గొడుగు తీసుకుని దర్జాగా వెళ్ళిపోయారు. ఆ వెళ్ళిన గొడుగంటే నాకు ఎంత కడుపుమండిందో చెప్పలేను.

మర్నాడు పందిట్లో పెట్టిన కుండీల్ని తీసుకెళ్ళడానికి నర్సరీ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో నడివయసు ఆడమనిషి ఒకామె కొంగు నడుముకు చుట్టి, పెద్ద పెద్ద క్రోటన్ కుండీల్ని అలవోకగా ఎత్తి బండిలో పెడుతోంది. పెళ్ళివారావిడ నన్ను చూపించి, "ఇదెవరిదో తెలీదమ్మా, ఎవరూ రాలేదు. ఎండలో పనిచేసేదానివి, నువ్వు పట్టుకెళ్ళు" అంది.

ఆమె అక్కడికక్కడే నన్ను విప్పింది. తలెత్తి నా లోపలి పుల్లల వైపు చూసి, "అబ్బ, ఎంత సల్లగుందో!" అంది.

ఆమె పేరు వీరవేణి. నేను ఆమె సొంతమైన రోజు అదే.

ఆమె పనిచేసే సుభద్రమ్మ గారి నర్సరీ రోడ్డు పక్కనే ఉండేది. ముందు రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, బల్ల వెనక వీరవేణి. కార్లు దిగి వచ్చేవాళ్ళకు ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో, దేనికి నీళ్ళు తగ్గించాలో ఆమే చెప్పేది. బేరం లేనప్పుడు మామిడి అంట్లు కట్టేది. చిన్న కత్తితో పుల్లను కలంలా చెక్కి, నాటుమొక్క చీలికలో కూర్చి, పలచటి ప్లాస్టిక్ పట్టీ చుట్టేసేది. ఆ చేతులు తొందరపడటం నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం ఆ చేతులే నన్ను పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవి. నా పిడి మీద ఆమె బొటనవేలు ఆనే చోటు నునుపుదేలింది. ఆ చోటంటే నాకు గర్వం.

ఒకరోజు ఆ బొటనవేలి కణుపు మీద తెల్లటి మరక కనిపించింది. సున్నం అనుకుని కొంగుతో రుద్దింది. పోలేదు. కొన్నాళ్ళకు పక్క వేలికి, ఆ తర్వాత వేళ్ళ చివర్లకు, మణికట్టు దాటి ముంజేతికి పాకింది. బొల్లి. ఆ మాట పైకి అనడానికి కూడా ఆమె ఇష్టపడేది కాదు. బల్ల దగ్గర కూర్చున్నా చేతులు కొంగులో దాచుకునేది. దాచుకుంటే అంట్లు కట్టేదెలా?

ఒకసారి కారులో వచ్చినావిడ గులాబీ మొక్క ఎంచుకుని, వీరవేణి దాన్ని అందుకోబోతుంటే, "నువ్వొద్దులే, ఇంకెవర్నైనా తియ్యమను" అంది. సుభద్రమ్మ గారు అక్కడే ఉన్నారు. ఆ సాయంత్రం ఆవిడ గొంతు తగ్గించి, "నిన్ననడం కాదే వీరవేణీ, యాపారం కదా. కొన్నాళ్ళు ఎనక మళ్ళల్లో సూసుకో" అన్నారు.

వీరవేణి తలూపింది.  ఇంటిదారంతా నా పిడిని వేళ్ళు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది.

వెనక మళ్ళల్లో రేకుల కప్పు లేదు. కొత్త మళ్ళకు నీడకోసం వేసే పచ్చ వల కూడా ఇంకా కట్టలేదు. అక్కడ ఆమెకు నేనే దిక్కు. ఆమె దుఃఖం చూసి బాధపడ్డాను, నిజమే. పొద్దస్తమానం ఆమెకు నీడనిచ్చే అవకాశం దొరికినందుకు సంతోషించాను, అదీ నిజమే.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. నూకరత్నం అని వయసులో చిన్నది, కలుపు తీసే పనిలో కొత్తగా చేరింది. ఆమెకూ మచ్చ ఉంది. చెవి కింద నుంచి మెడ మీదకు, తమలపాకంత. జుట్టు ఒక పక్కకు వేసుకుని కప్పుకునేది. మధ్యాహ్నం అన్నం తినే వేళకు "అక్కా, కాసింత జరుగు" అంటూ నా కిందికి దూరేది. వీరవేణి జరిగేది. నా నీడలో సగం ఆ పిల్లకు పోయేది. ఆమె వల్ల వీరవేణి వీపు సగం ఎండలో ఉండటం చూసి నేను కుతకుతలాడేవాణ్ణి.

"అక్కా, డాక్టరు హైమవతి గారని ఆయుర్వేదం డాక్టరమ్మ ఉన్నారంట. సదువుకున్నావిడే. మా పిన్ని కూతురికి తగ్గింది. ఎల్దామా?" అంది నూకరత్నం ఒకరోజు.

"తగ్గుద్దంటావా?" అంది వీరవేణి. ఆ గొంతులో ఆశ విని నాకు భయం వేసింది.

హైమవతి గారు ఇద్దర్నీ కిటికీ దగ్గర నిలబెట్టి మచ్చలు చూశారు. గోరుతో గీసి చూశారు. ఇది అంటురోగం కాదని, ఎవర్ని ముట్టుకున్నా ఏమీ కాదని ముందు చెప్పారు. తర్వాత గోధుమరంగు సీసాలు రెండు తీసి బల్ల మీద పెట్టారు. నేను గోడకు ఆనుకుని నిలబడి వాటిని చూశాను. బొటనవేలంత ఉన్నాయి.

"ఇది బావంచాల నూనె. బావంచాలు తెలుసుగా, నల్లటి చిన్న గింజలు. చాలా గట్టి మందు. అందుకే నేను కొబ్బరినూనెలో పల్చగా కలిపి ఇస్తున్నాను. దీన్ని రాసిన చోట చర్మం ఎండను మామూలుగా తట్టుకోలేదు, తొందరగా కాలిపోతుంది. ముందు ఒక చిన్న మచ్చ మీద చుక్క రాసి కొన్నాళ్ళు చూడండి. ఎర్రబడినా, మంట పుట్టినా ఆపేసి నా దగ్గరికి రావాలి. ఏమీ కాకపోతేనే మిగతా చోట్లకు."

"ఎండలో ఎంతసేపండీ?" అంది నూకరత్నం.

"పొద్దుటెండలో కాసేపే. మీ ఫోన్లలో నేనే అలారం పెట్టిస్తాను. మోగగానే సబ్బుతో కడిగేసుకోవాలి. ఇక రోజంతా ఆ చోట ఎండ తగలకూడదు, కప్పుకోవాలి. కళ్ళ దగ్గరా పెదాల దగ్గరా రాయొద్దు. గాయం మీద రాయొద్దు. నెల తప్పితే వెంటనే చెప్పాలి, మందు ఆపేస్తాను." అని నా వైపు చూసి, "గొడుగుందిగా, బావుంది. ఇది మందులో సగం అనుకోండి" అన్నారు.

మందులో సగమట! ఆ మాటకు పొంగిపోయాను. బయటికి వచ్చాక వీరవేణి ఏం చేసింది? సీసాను కళ్ళకద్దుకుని రొంటిన దోపుకుంది. నన్ను చంకలో ఇరికించుకుంది.

హైమవతి గారు వెనక్కి పిలిచి ఇంకో మాట కూడా చెప్పారు. "మెడ మీద మచ్చ తొందరగా రంగు తిరగొచ్చు. వేళ్ళ చివర్లు మొండివి వీరవేణీ. ముంజేయి రావచ్చు, వేళ్ళు రాకపోవచ్చు. ఒకరితో ఒకరు పోల్చుకోకండి."

నేను విన్నాను. వీరవేణి కూడా విన్నది, కానీ చెవిన పెట్టలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే పనిలోకి వెళ్ళేముందు ఇద్దరూ నర్సరీ వెనకున్న కాలవగట్టు మీద కూర్చునేవాళ్ళు. వీరవేణి దూదిపుల్లతో నూనె అద్దుకుని, రెండు చేతులూ సూర్యుడి వైపు చాపేది. నేను పక్కన గడ్డిలో ముడుచుకుని పడి ఉండేవాణ్ణి. పుట్టినప్పటి నుంచి నేను ఎవరితో పోరాడుతున్నానో వాడికే ఆమె చేతులు అప్పగించేది! అలారం ఎప్పుడు మోగుతుందా అని ప్రాణం ఉగ్గబట్టుకునేవాణ్ణి. మోగగానే ఆమె చేతులు కడుక్కుని నన్ను విప్పేది. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడేది కాదు.

వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి నూకరత్నం మెడ మీద, తెలుపు మధ్యలో, ఆవగింజల్లాంటి గోధుమ చుక్కలు లేచాయి. చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోసాగాయి. నూకరత్నం జడ వెనక్కి వేసుకోవడం మొదలుపెట్టింది. వీరవేణి ముంజేతి మీద కూడా అక్కడక్కడా నలుసుల్లాంటివి కనిపించాయి గానీ, వేళ్ళు మాత్రం సున్నంలో ముంచినట్టు అలాగే ఉండిపోయాయి. ఆమె చూసుకునేది ఆ వేళ్ళనే.

సంక్రాంతి బేరాలు మొదలయ్యే ముందు సుభద్రమ్మ గారు నూకరత్నాన్ని ముందు షెడ్డుకు పిలిచారు. బల్ల వెనక కూర్చోమన్నారు. వీరవేణి బల్ల.

ఆ రాత్రి అన్నం దగ్గర వీరవేణి మొగుడు సూరిబాబు, "ఏమే, తినవేటి?" అన్నాడు. అతను మొక్కల వ్యాను తోలుతాడు, నెమ్మదస్తుడు.

"ఇద్దరం కలిసే డాక్టరు దగ్గరికెళ్ళేం. అదే సీసా. అదే ఎండ. దానికొచ్చింది, నాకు రాలేదు. ఇప్పుడు నా బల్ల మీద కూకుంది."

"ఆ పిల్లేం సేసిందే పాపం."

"ఏం సెయ్యలేదు. అదే నా ఏడుపు" అంది వీరవేణి.

తలుపు మూల నిలబడి ఆ మాట విన్నాను. అంతవరకు ఆమెను ప్రేమించాను. ఆ క్షణం నుంచి ఆమె నాకు బంధువు కూడా అయింది.

మర్నాడు వీరవేణి మూలికల కొట్టుకు వెళ్ళి బావంచాలు పొట్లం కట్టించుకుంది. ఇంటికొచ్చి రోట్లో మెత్తగా నూరింది. ఫోను వీడియోలో ఎవడో నిమ్మరసం కలిపితే మందు లోపలికి దిగుతుందని చెప్పాడట, నర్సరీలోంచి తెచ్చిన నిమ్మకాయలు పిండింది. హైమవతి గారి నూనె కూడా అందులోనే ఒంపేసింది. వేళ్ళ నుంచి మోచేతుల దాకా గోరింటాకులా పట్టించింది. పైన చీర ముక్క చుట్టుకుని నన్ను తీసుకుని వెనక మళ్ళల్లోకి వెళ్ళింది.

అక్కడికి వెళ్ళాక నన్ను విప్పలేదు. అంట్ల మడి పక్కనున్న గుంజకు తగిలించింది. చీర ముక్క విప్పేసింది. ఎండ నడినెత్తిన ఉంది. అలవాటుకొద్దీ ఫోన్లో పెట్టిన అలారం మోగింది. తీసి నోరు నొక్కేసింది. దూరంగా ముందు షెడ్డులోంచి నూకరత్నం నవ్వు వినిపిస్తోంది. వీరవేణి ఆ వైపే చూస్తూ, రెండు చేతులూ సూర్యుడి ముందు చాపి నిలబడింది.

గాలి లేదు. కనీసం ఒక్క విసురు వచ్చి నన్ను గుంజ మీంచి పడేసినా ఆమె నన్ను చూసేదేమో. నా గుడ్డ వేడెక్కింది. ఆమె ముఖం మీద చెమట ధారలు కట్టింది. అయినా కదల్లేదు.

ఆ సాయంత్రం ఏమీ కాలేదు. "సూసేవా, ఏం కాలేదు" అని తనకు తానే చెప్పుకుంది. మర్నాటికి చేతులు ఎర్రగా కందిపోయాయి. ఆ పై రోజు తెల్లవారేసరికి వేళ్ళ మీద, ముంజేతుల మీద నీటి బొబ్బలు లేచాయి. గాజులు వేలాడిన చోట చర్మం ఊడివచ్చింది.

సూరిబాబు చూసి వంటింటి వైపు పరుగు తీశాడు. "ఎన్నపూస రాయనా? టూత్‌పేస్టు రాత్తారంట..."

"ఏటీ రాయకయ్యా! రాసింది సాల్లే" అని వీరవేణి ఏడ్చింది. నీళ్ళు మాత్రం పోయించుకుంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే దారిలో ఆమె రెండు చేతులూ ముందుకు చాపుకుని నడిచింది. కొంగు తగిలినా కేక వేస్తోంది. సూరిబాబు నన్ను విప్పి ఆమె మీద పట్టాడు.  ఆమె వేళ్ళు నా పిడిని పట్టుకోలేవు. ఇన్నేళ్ళలో ఆమె పక్కనుండగా నన్ను వేరొకరు మోయడం అదే మొదలు.

హైమవతి గారు చేతులు చూసి కుర్చీలోంచి లేచారు. "ఏం రాశావు?"

"మీరిచ్చిందేనండి."

"నేనిచ్చింది చెప్పినట్టు రాస్తే ఇలా చెయ్యదు. ఇంకేం రాశావు?"

వీరవేణి తల దించుకుంది. సూరిబాబే చెప్పాడు, "గింజలు కొనుక్కొచ్చి నూరిందండి. నిమ్మకాయ కూడా పిండిందండి."

 హైమవతి గారి గొంతు పెద్దదైంది. "నిమ్మరసం ఒక్కటే పూసుకుని ఎండలో నిలబడినా కొందరికి బొబ్బలెక్కుతాయి. దాని మీద కొలతా పాడూ లేకుండా నూరిన గింజలు! చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. గన్నేరూ చెట్టే, ఉమ్మెత్తా చెట్టే. బలం లేనిదైతే అసలు మందెందుకవుతుంది? కాలిన చోట కొత్త మచ్చలు లేవొచ్చు, తెలుసా? పెరిగిందాన్ని తగ్గిద్దామని వస్తే, తగ్గేదాన్ని పెంచుకున్నావు."

కాగితం మీద రాసి ఇచ్చి, "నూనె ఆపెయ్యి. బొబ్బలు చిదపొద్దు. ఇప్పుడే పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇది నేను ఒక్కదాన్నే చూసేది కాదు" అన్నారు. తర్వాత కొంచెం శాంతించి, "ఎందుకు చేశావమ్మా? తెలివైనదానివి" అన్నారు.

"దాని మెడ సూసి తట్టుకోలేకపోయేనండి" అంది వీరవేణి.

 హైమవతి గారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "నీ కడుపుమంట మందుకు తెలీదు తల్లీ. అది చర్మం మాటే వింటుంది."

చేతులు మానడానికి చాలాకాలం పట్టింది. ఆ రోజుల్లో సూరిబాబే వంట చేసి అన్నం కలిపి పెట్టేవాడు. నేను మూలనే ఉన్నాను, బయటికి వెళ్ళే పనే లేదు. ఒక మధ్యాహ్నం నూకరత్నం అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. వీరవేణి గోడ వైపు తిరిగి పడుకుంది.

"అక్కా, నీ అంట్లకు నేనే నీళ్ళు పెడతన్నాను. అన్నీ సిగుర్లేత్తన్నాయి."

"నా బల్ల కూడా నువ్వే సూసుకుంటన్నావుగా."

నూకరత్నం పళ్ళు గూట్లో పెట్టి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నాకు నిజానికి ఆనందం కలగాలి. ఆ పిల్ల నా నీడను దోచుకున్న మనిషి. కానీ గడప దాటుతున్న ఆమె వీపు చూస్తే ఎందుకో ఆ ఆనందం రాలేదు.

వీరవేణి మళ్ళీ పనిలోకి వెళ్ళింది, మళ్ళీ వెనక మళ్ళల్లోకే. పుండ్లు మాని, చర్మం పూర్తిగా గట్టిపడిందని పెద్దాసుపత్రిలో చెప్పాక, హైమవతి గారు కొత్త సీసా ఇచ్చారు. అంతకుముందు కంటే పల్చనిది. ముంజేతి మీద ఒకే ఒక్క చుక్క, మళ్ళీ మొదటి నుంచి. కాలవగట్టు మీద ఇప్పుడు వీరవేణి ఒక్కతే కూర్చునేది. నూకరత్నం వేరే చోట కూర్చునేది కాబోలు.

వేసవి మొదట్లో ఒక పొద్దున నూకరత్నం గట్టు మీదకు గబగబా వచ్చింది. వీరవేణి అక్కడుందని చూడనే లేదు. సెల్‌ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని అందులో తన కన్ను చూసుకుంటోంది. ఎడమ కంటి రెప్ప మీద కొత్తగా తెల్లటి మచ్చ. చిన్నదే. ఏడ్చిన కళ్ళు. కొంగు ముడి విప్పి సీసా తీసింది. మూత పీకింది. వేలి మీద నూనె ఒంపుకుంది.

వీరవేణి చూస్తోంది. ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణంలో ఆమె మనసులో ఏం తిరిగిందో నాకు తెలుసు. బల్ల ఖాళీ అవుతుంది. నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి నాకే తికమకగా ఉంటుంది. వీరవేణి గడ్డిలోంచి నన్ను లాగి, లేస్తూనే విసురుగా తిప్పి నూకరత్నం చేతి మీద కొట్టింది. సీసా ఎగిరి రాతి మెట్టు మీద పడి పగిలిపోయింది. నేనూ ఆ మెట్టుకే తగిలాను. నాలో ఒక పుల్ల పటుక్కున విరిగింది.

"కన్నే! కన్నే అది! కన్ను పోద్దే పిచ్చిదానా!"

"పోతే పోనీ! ఈ మచ్చ అమ్మగారు సూత్తే నన్నూ ఎనక్కి పంపేత్తారు. నీకు సంతోషమేగా!"

 వీరవేణి తన చేతులు ఆమె ముఖం ముందు పెట్టింది. కాలిన చోట్ల లేచిన మచ్చలు, ముడతలు పడి పలచబడ్డ చర్మం, మధ్యలో ఎప్పుడో వచ్చి మిగిలిన నాలుగు గోధుమ నలుసులు.

"సూడు. నీ మీద ఏడ్సి సేసుకున్న పని ఇది. ఇప్పుడు నువ్వు సేత్తావా? ముందా ఏలు కడుక్కో."

నూకరత్నం ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. తర్వాత కాలవ నీళ్ళతో వేలు రుద్ది రుద్ది కడిగింది. మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. వీరవేణి పక్కన కూర్చుంది. ఒక రెక్క కుంగిపోయిన నన్ను విప్పి, ఇద్దరి మీదా పట్టుకుంది.

"కొట్టేవుగా అక్కా."

"కొట్టేను. మళ్ళీ కొడతాను. లెగు, డాక్టరమ్మ గారి దగ్గరికి పోదాం."

హైమవతి గారు రెప్పకు నూనె ఇవ్వలేదు. చర్మం డాక్టరుకే పంపారు. అక్కడ వేరే మందు ఇచ్చారు.

అక్కడి నుంచి ఇద్దరూ నేరుగా సుభద్రమ్మ గారి దగ్గరికి వెళ్ళారు. నూకరత్నం జుట్టు వెనక్కి తోసి రెప్ప చూపించింది. "ఎనక్కి పంపుతానంటే పంపండి అమ్మగారూ. పంపకపోతే అక్క కూడా ఇక్కడే కూకుంటాది. ఇది అంటుకునే రోగం కాదని డాక్టరమ్మ గారు సెప్పేరు. ఎవరైనా అడిగితే నేనే సెప్తాను." సుభద్రమ్మ గారు విసుక్కున్నారు, గొణుక్కున్నారు. కానీ వేసవి దాటితే మొక్కలు నాటే కాలం, ఇద్దరూ లేకపోతే ముందు షెడ్డు నడవదు. "మీ ఇష్టం. బేరం పోతే మీదే పూచీ" అన్నారు. కొన్ని బేరాలు పోయాయి కూడా. ఎక్కువ పోలేదు. కొన్నాళ్ళకు వీరవేణి చేతులు బల్ల మీదే పెట్టుకుని అంట్లు కట్టడం నేను చూశాను.

నా సంగతి వేరేలా తిరిగింది. విరిగిన పుల్ల వేయించడానికి సూరిబాబు ఊరంతా తిరిగినా బాగుచేసేవాడు దొరకలేదు. తొలకరి గాలికి మిగతా గుడ్డ కూడా చిరిగిపోయింది. వీరవేణి నా గుడ్డ విప్పేసి, ఉత్త పుల్లలతో, ఇత్తడి మొన కిందికి పెట్టి, కాలవగట్టుకు దగ్గర్లో ఓ పెద్ద కుండీలో గుచ్చింది. శంఖుపుష్పం తీగను నా మీదకు పాకించింది. తీగ అంటే మొదట్లో నాకు కిట్టలేదు. నీలం పువ్వులు పూశాక, వచ్చేపోయేవాళ్ళు దాన్నే మెచ్చుకుంటుంటే అస్సలు కిట్టలేదు.

వీరవేణి ఇప్పటికీ పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చుంటుంది. మణికట్టు దాకా రంగు తిరిగి వచ్చింది. వేళ్ళు తెల్లగానే ఉన్నాయి, ఇక రావని ఆమెకు తెలుసు. వాటికి నూనె రాయడం మానేసింది. ముంజేతికి రాస్తుంది, కాసేపు ఎండకు చాపుతుంది, అలారం మోగగానే కడుక్కుని, కొత్తగా కట్టిన పచ్చ వల నీడలోకి తనంతట తనే నడిచి వెళ్ళిపోతుంది. ఆమెను తీసుకెళ్ళడానికి ఎవరి అవసరమూ లేదు. ఆ వలను చూస్తే నాకు ఒళ్ళు మంట. సీసా ఇప్పటికీ ఆమె రొంటినే ఉంటుంది, అదింకో మంట.

మొన్న ఒక పొద్దున ఆమె ఫోన్లో ఛార్జింగ్ లేదు. అలారం మోగదు. ఆమె చేతులు చాపి కూర్చుని ఉంది. పిలుద్దామంటే నోరు లేదు, కప్పుదామంటే గుడ్డ లేదు. అప్పుడు వీరవేణి నేల మీదకు చూసింది. నా పుల్లల నీడ ఇసక నేల మీద పొడుగ్గా పడి, మెల్లగా జరుగుతోంది. ఒక పుల్ల నీడ కొసన ఆమె గోటితో ఇసకలో గీత గీసింది. దానికి కాస్త అవతల ఇంకో గీత. నీడ రెండో గీతను తాకగానే లేచి, చేతులు కడుక్కుని, వల కిందికి వెళ్ళిపోయింది.

ఆ పని రొంటినున్న సీసాకు చేతకాదు.